తొక్కని రోజుల్లో సైకిల్‌కు ఏమవుతుంది?

బెంటన్‌విల్‌లో మనవాళ్ల ఇంటి గ్యారేజీ తలుపు లేస్తే కారు పక్కన మౌంటెన్ బైక్ కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆర్కన్సా వాయవ్య మూలనున్న ఈ ఊరికి తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చింది వాల్‌మార్ట్ ఉద్యోగాల కోసం, లేదంటే వాల్‌మార్ట్‌కు సరుకులూ సాఫ్ట్‌వేరూ అందించే కంపెనీల ఉద్యోగాల కోసం. వచ్చాక ఓజార్క్ గుట్టల్లోని సైకిల్ బాటలు మనవాళ్లనూ లాగేశాయి. 2007లో స్లాటర్ పెన్ బాటతో మొదలైన పని కోలర్ దాకా, బెల్లా విస్టాలోని లిటిల్ షుగర్ దాకా పాకింది. ఈ ఊరు తనను తాను ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధానిగా చెప్పుకుంటుంది. వారాంతాల్లో ఆ బాటల మీద తెలుగు మాటలు వినిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఏ సైకిల్ కొనాలని అడిగేవాళ్లు చాలామంది. కొన్నాక ఎక్కడ పెట్టాలి, కారులో ఎలా తీసుకెళ్లాలి అని అడిగేవాళ్లు తక్కువ. మూడు నాలుగు వేల డాలర్లు పోసి కొన్న సైకిల్ రాళ్ల మీద దూకి పాడైతే అర్థం ఉంది, దాన్ని అందుకే చేశారు. నేను విప్పి చూసిన మన మిత్రుల సైకిళ్లలో సగానికి పైగా దెబ్బలు గ్యారేజీలోనో కారులోనో తగిలినవే.

ముందు మినీవ్యాన్ సంగతి. వెనక సీట్లు మడిచి, సైకిల్‌ను కుడివైపుకు పడుకోబెట్టి, దాని మీద పిల్లల సైకిళ్లు పేర్చి బయల్దేరుతారు. చైన్, గేర్లు ఉండేది ఆ కుడివైపే. గేర్లు మార్చే డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచేది హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క. గట్టి దెబ్బ తగిలితే ఫ్రేము విరక్కుండా తాను వంగిపోవాలనే దాన్ని మెత్తగా చేస్తారు. పైనున్న బరువుకు అది రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగినా కంటికి ఆనదు. చదును రోడ్డు మీద తేడా కూడా తెలియదు. నిట్టనిలువు ఎక్కుడులో అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రానికి గేరు వేసినప్పుడు మాత్రం డెరైలర్ చువ్వల్లోకి దూరుతుంది. అప్పుడు చువ్వలు, చైన్, డెరైలర్ అన్నీ ఒకేసారి పోతాయి. గుంటూరు మిత్రుడొకరి సైకిల్‌ను స్టాండుకెక్కించి వెనకనుంచి చూపించాను. డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్లచక్రంతో ఒకే గీతలో ఉండాల్సింది, కిందిది చక్రం వైపు ఒరిగి ఉంది. ఆయన ఆ సైకిల్‌ను ఎక్కడా పడేయలేదు. కొత్త హ్యాంగర్ ఇరవై డాలర్లకు అటూ ఇటూ. స్రామ్ కంపెనీ 2019లో తెచ్చిన ఉమ్మడి హ్యాంగర్ ఇప్పుడు చాలా కంపెనీల ఫ్రేములకు సరిపోతుంది. ఒకటి సంచిలో ఉంచుకోండి. సైకిల్‌ను పడుకోబెట్టక తప్పకపోతే చైన్ వైపు పైకి ఉండాలి.

వ్యాన్‌లో పట్టడానికి ముందు చక్రం ఊడదీస్తాం కదా, ఆ పక్కనే పిల్లవాడు ఆటగా బ్రేక్ నొక్కుతాడు. మధ్యలో డిస్కు లేకపోవడంతో బ్రేకు లోపలి పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు రెండూ అతుక్కుంటాయి. బాట మొదట్లో నిలబడి చక్రం ఎక్కించబోతే డిస్కు దూరదు. చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య మడతపెట్టిన అట్టముక్క దూర్చితే ఈ తంటా ఉండదు. సైకిల్‌ను తలకిందులుగా పెడితే మరో చిక్కు. బ్రేక్ లీవరులోని ఆయిల్ డబ్బాలో పైన నిలిచి ఉండాల్సిన గాలి బుడగ గొట్టంలోకి జారితే లీవరు మెత్తబడుతుంది. అందుకే సైకిల్‌ను నిలబెట్టాక లీవరు గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. అయినా గట్టిపడకపోతే గాలి తీయించాల్సిందే. డాట్ రకం ఆయిల్ వాడే బ్రేకులకు ఇంకో గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గి, పొడవాటి దిగుడులో బ్రేక్ జారిపోతుంది. తొక్కకపోయినా ఆ ఆయిల్ పాతబడుతూనే ఉంటుంది.

ఇక్కడి వేసవిలో మూసిన గ్యారేజీ ఉడికిపోతుంది. ట్యూబులేని టైర్లలో పోసే సీలెంట్ రబ్బరు పాలతో చేసింది, ఆ వేడికి త్వరగా గడ్డకడుతుంది. రెండు మూడు నెలలకోసారి వాల్వు విప్పి చూసుకోవాలి. గాలి పూర్తిగా పోయిన టైరు మీద సైకిల్‌ను నెలల తరబడి నిలబెడితే టైరు పక్కలు బీటలు వారతాయి. ముందు ఫోర్కు సీళ్ల కింద ఆయిల్‌లో నానే స్పాంజి రింగులుంటాయి. సైకిల్ కదలకపోతే ఆ ఆయిల్ కిందికి దిగి రింగులు ఎండుతాయి. వారానికోసారి హ్యాండిల్ మీద బరువు వేసి నాలుగుసార్లు అదిమితే చాలు. పైకీ కిందికీ జరిగే సీటును కిందికి దింపి, ఆ సీటు పట్టుకునే సైకిల్‌ను ఎత్తడం ఇంకో అలవాటు. కొన్ని హైడ్రాలిక్ పోస్టుల్లో అలా లాగితే గాలి లోపలికి చేరి సీటు ఊగుతుంది. పూర్తిగా పైకి లేపాకే ఎత్తండి. చైన్‌కు ఆయిల్ స్ప్రే కొట్టేటప్పుడు పక్క సైకిల్ డిస్కు మీద గుడ్డ కప్పండి. నూనె పీల్చిన ప్యాడ్లు మళ్లీ పనికి రావు, మార్చాల్సిందే.

శీతాకాలం సెలవుల్లో మనవాళ్లు సైకిల్ తొక్కడానికి యూటాలోని మోఆబ్ దాకా వెళ్తుంటారు, సుమారు వెయ్యి మైళ్లు. కారు వెనక ర్యాకు మీద సైకిళ్లు, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు. హైవే వేగంలో చిమ్మే ఆ ఉప్పునీళ్లు బేరింగు సీళ్లను దాటి లోపలికి దూరతాయి. దిగగానే మామూలు నీళ్లతో కడిగి తుడవాలి, కార్లు కడిగే ప్రెషర్ గొట్టంతో మాత్రం కాదు, అది ఉప్పును మరింత లోపలికి నెడుతుంది. ర్యాకు కొనేటప్పుడు ఫ్రేమును కాకుండా చక్రాలను పట్టుకునేది చూడండి. కార్బన్ గొట్టం వెదురుబొంగు లాంటిది, నిలువునా చాలా బరువు మోస్తుంది, మధ్యలో బిగించి నొక్కితే చిట్లుతుంది. కారు పొగగొట్టానికి ఎదురుగా టైరు రాకుండా కూడా చూసుకోవాలి.

ఇండియాకు తిరిగి వెళ్లిపోతూ సైకిల్‌ను కూడా పట్టుకెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. విమానంలో వేసేటట్లయితే డిస్కులు విప్పి విడిగా కట్టండి, యాక్సిల్ ఉండే చోట ఫోర్కు వంగకుండా అడ్డు పెట్టండి. బ్యాటరీ సైకిల్ అయితే ఆశ వదులుకోండి. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్ల పైబడిన బ్యాటరీలను ఎక్కించనివ్వరు, ఈ సైకిళ్ల బ్యాటరీలు చాలావరకు 400కు పైమాటే. ఇక్కడ వాడని రోజుల్లోనైనా ఆ బ్యాటరీని సగం ఛార్జితో, గ్యారేజీలో కాకుండా ఇంటి లోపల ఉంచాలి. నీరు గడ్డకట్టే చలిలో ఛార్జి పెడితే లోపలి సెల్స్ దెబ్బతింటాయి.

చలికాలం గడిచాక పిల్లల సైకిళ్లు బయటికి తీసినప్పుడు, ఇంకేమీ చూడకపోయినా ఫరవాలేదు, రెండు బ్రేక్ లీవర్లూ నొక్కి చూడండి. లీవరు హ్యాండిల్‌కు ఆనేదాకా వస్తే ఆ సైకిల్ బాగయ్యేదాకా పిల్లల్ని గుట్ట మీదికి పంపకండి.