అత్తయ్యగారి "లేదు"

నొప్పికి మా అత్తయ్యగారి దగ్గర ఉన్నన్ని మాటలు నేను బీఏ తెలుగులో కూడా చదువుకోలేదు. మోకాలు సలుపుతోంది, నడుం పట్టేసింది, పిక్కలు గుంజుతున్నాయి, అరికాళ్ళు భగభగమంటున్నాయి... ఒక్కోదానికి ఒక్కో వైద్యం. సలుపుకి ఉప్పు కాపడం, పట్టేస్తే అమృతాంజనం. ఇప్పుడు ఆవిడకి ఎనభై రెండేళ్ళు. డిమెన్షియా వచ్చి ఆరేళ్ళయింది. ఆ మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. అన్నం తిన్నారా? లేదు. నిద్ర పట్టిందా? లేదు. నొప్పిగా ఉందా అత్తయ్యా? లేదు.

అర్ధరాత్రి గేటు తీసుకుని వెళ్ళిపోవడం మొదలయ్యాక, ఇక్కడే హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో ఉంచాం. (దాని మీద చుట్టాలన్న మాటలు ఇంకో రోజు రాస్తాను.) మొన్న వేసవిలో అక్కణ్ణించి ఫోన్. స్నానం చేయించే ఆయాని కొడుతున్నారు, జాకెట్టు తొడగబోతే కరిచారు, మత్తు మాత్ర ఏదైనా మొదలుపెట్టిద్దామా అని. మావారు సరే అనబోయారు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి కరవడమేమిటి? "రెండ్రోజులాగండి" అన్నాను.

అక్కడ ఒక కేరళ నర్సమ్మాయి ఉంది. ఒక కాగితం తెచ్చి చూపించింది. పెయినాడ్ అంటారట. నొప్పి చెప్పుకోలేని డిమెన్షియావాళ్ళ కోసం అమెరికాలో తయారుచేశారు, 2003లో వచ్చింది. అందులో ప్రశ్నలుండవు, చూడటమే. ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగుతున్నారా, ముఖం చిట్లిస్తున్నారా, ఒళ్ళు బిగబడుతున్నారా, దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటున్నారా. అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పది. "ఊరికే కూర్చున్నప్పుడు చూస్తే చాలదు ఆంటీ, కదిపినప్పుడు కూడా చూడాలి" అంది. కుర్చీలో ఉన్నప్పుడు అత్తయ్యగారికి ఒక్క మార్కు. జాకెట్టు కోసం కుడి చెయ్యి పైకెత్తితే ఏడు!

భుజం బిగుసుకుపోయిందన్నారు డాక్టరు. స్నానానికి ముప్పావుగంట ముందు పారాసెటమాల్ రాశారు. జాకెట్టు మాన్పించి ముందు బొత్తాలుండే నైటీలు కుట్టించాను. నొప్పి ఉన్న చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి ఆఖరున. పసిపిల్లలకి చొక్కా వేసినట్టే, మనకి తెలియని విద్యేం కాదు.

ఆ అమ్మాయే ఇంకోటి చెప్పింది. భయమేసినా, చలేసినా, ఆకలేసినా మనిషి ఇలాగే కనిపించొచ్చు, అందుకే మందిచ్చాక మళ్ళీ మార్కులు వేసి చూడాలని. తర్వాత నేనూ వెతికి చదివాను. 2011లో నార్వేవాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. 18 నర్సింగ్ హోముల్లో, డిమెన్షియాతో గొడవ చేసే 352 మంది మీద. కొందరికి ఎనిమిది వారాలు వేళకి నొప్పి మందులిచ్చారు, ఎక్కువమందికి ఒట్టి పారాసెటమాలే. మామూలుగా చూసుకున్నవాళ్ళకన్నా వీళ్ళలో ఆ గొడవ బాగా తగ్గింది. మన ఇళ్ళల్లో అయితే "మొండితనం", "వయసు పైబడి చాదస్తం" అనేసి ఊరుకుంటాం.

అత్తయ్యగారు ఇప్పుడు కొట్టడం లేదు. గిల్లడం మాత్రం అప్పుడప్పుడూ ఉంది, నీళ్ళు చల్లారితే. మత్తు మాత్ర ఊసు మళ్ళీ రాలేదు. మొన్న ఆదివారం పులిహోర పట్టుకెళ్ళాను. అంతా ఎడమవైపే నములుతున్నారు, మధ్యలో ఆగి కళ్ళు మూసుకుంటున్నారు. పన్ను నొప్పా అత్తయ్యా అంటే లేదన్నారు. బుధవారం పళ్ళ డాక్టర్ని రమ్మన్నాం.