ఏటివాలు ప్రయాణం

గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం లాగి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. విమానం ఎప్పుడూ దాన్నే పట్టుకుని పోదు. 2016 అక్టోబరు దాకా ఎయిరిండియా విమానం పడమరకు తిరిగి, యూరప్, అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు పోయేది. ఆ నెల 16న తూర్పుదారి పట్టింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది. పాతదారి కంటే ఇంచుమించు రెండు గంటలు తక్కువ!

లెక్క వేసి చూడండి. గంటకు 1,050 కిలోమీటర్ల పైమాటే. ఆ బోయింగ్ 777 సొంత వేగం 900 ప్రాంతం. మిగతాది గాలి పుణ్యం. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు పారే ఆ గాలి ఏరే జెట్ స్ట్రీమ్. పడమరదారి విమానం ఏటికి ఎదురీదేది, తూర్పుదారి విమానం ఏటివాలున పోయింది.

ఈ ఏరు ఉత్తర భారతం మీద ఏడాది పొడవునా ఉండదు. చలికాలంలో హిమాలయాలకు దక్షిణంగా పారుతుంది. నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి టిబెట్ అవతలికి జరిగిపోతుంది. అప్పుడు మన దక్షిణాది మీద, ఇంకా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వేరే ప్రవాహం మొదలవుతుంది. 1950లలో దాని ఆనుపానులు తేల్చి చెప్పినవారు నెల్లూరులో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. వానల లెక్కలో ఈనాటికీ అది పెద్ద ఆధారం. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాల్సింది.

చలికాలపు ఏరు బర్మా, దక్షిణ చైనా దాటి జపాన్ చేరేసరికి ఉత్తరం నుంచి వచ్చే మరో జెట్‌తో కలుస్తుంది. ఒకపక్క సైబీరియా చలి, మరోపక్క పసిఫిక్ వెచ్చటి నీళ్లు. ఆ తేడా ఎంత పెరిగితే గాలి అంత ఉరవడి అందుకుంటుంది. ఈ సంగమం మీద గంటకు 300 కిలోమీటర్లు దాటడం అరుదేమీ కాదు.

దీన్ని ముందుగా కొలిచినవాడు వాసబురో ఓయిషి. 1920లలో జపాన్‌లోని తతేనో కేంద్రం నుంచి బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరును దుర్భిణితో వెంటాడేవాడు. ప్రపంచమంతా చదవాలని ఫలితాలను ఎస్పరాంటో భాషలో అచ్చువేశాడు. పెద్దగా ఎవరూ చదవలేదు. 1944లో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బి-29 బాంబర్లు ఆ గాలికే తడబడ్డాయి.

జపాన్ దాటాక అంతా నీళ్లే. సముద్రం నడుమ దినరేఖ వస్తుంది. ఆదివారం తెల్లవారుజామున ఢిల్లీలో లేచిన విమానం అక్కడ శనివారంలోకి జారి, మళ్లీ ఆదివారం పొద్దున్నే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. అమెరికా తీరానికి వచ్చేసరికి ఏరు పాయలై ఉరవడి తగ్గుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి శాన్‌హోసే, ఫ్రీమాంట్‌లలో కొడుకులు, కూతుళ్లు ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఇటువైపు ఎందరో. మోకాళ్ల నొప్పులతో ఇరుకు సీట్లో కూర్చునేవారికి రెండు గంటలు తగ్గడం చిన్న సంగతి కాదు. తిరుగు ప్రయాణంలోనూ ఆ విమానం వచ్చినదారి పట్టలేదు. మళ్లీ తూర్పుకే, ఈసారి అట్లాంటిక్ మీదుగా, గాలిని వీపున వేసుకుని ఢిల్లీ చేరింది. అలా వెళ్లొస్తే భూమిని ఒకసారి పూర్తిగా చుట్టినట్టే.