పైడికంటి దూరిన ఇల్లు

ఘంటసాల నుంచి కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళానికి వెళ్ళే దారికి రెండు పక్కలా వరిచేలే. ఆంధ్రమహావిష్ణువు దర్శనానికని మార్గశిరంలో అటు వెళ్ళాను. చేల మధ్య అక్కడక్కడ అడ్డకర్ర కట్టిన గుంజలు పాతి ఉన్నాయి. రాత్రిళ్ళు గుడ్లగూబలు వాలి ఎలుకలను పడతాయట. పైరు కాపాడే పక్షి గనుక పొలంలో దానికి పీట వేశారన్నమాట!

ఊళ్ళోకి వస్తే మర్యాద వేరు. ఒక పెంకుటింటికి తాళం వేసి ఉంది. వాకిట ముగ్గు లేదు. టీకొట్టాయన్ని అడిగితే, "గుడ్లగూబ దూరిందండి. ఆర్నెల్లు పాడుపెట్టారు," అన్నాడు మామూలుగా. గడువు తీరాక శాంతి చేయించి, పాలు పొంగించుకుని మళ్ళీ చేరతారట. అందాకా ఇంటివారు బందరులో కొడుకు దగ్గర ఉంటున్నారు.

మన నిఘంటువుల్లో గుడ్లగూబకు పైడికంటి అని ఎంత చక్కని పేరుంది! బంగారు కళ్ళదన్నమాట. అయినా దాన్ని చూస్తే గుండె ఝల్లుమనడంలో వింత లేదు. ఈకల అంచులు మెత్తని కుచ్చుల్లా ఉండటంవల్ల ఎగిరినా చప్పుడు కాదు. చీకట్లో తమలపాకులాంటి తెల్లని ముఖమొకటి దూలం మీద ప్రత్యక్షమై కీచుమంటే ఎవరికి భయం వేయదు? కాని అది వచ్చింది ఎలుక కోసం. ఎలుక వచ్చింది గాదెలోని ధాన్యం కోసం. ధాన్యలక్ష్మి ఉన్న ఇంటికే గదా ఈ అతిథి వచ్చేది! వంగదేశంలో దీన్ని లక్ష్మీవాహనమంటారు. అయితే ఆ గౌరవమూ దానికి అచ్చిరాలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాదన్నా, దీపావళికి ముందు క్షుద్రపూజల కోసం వీటిని దొంగచాటుగా పట్టి అమ్మేవాళ్ళున్నారు.

ఊరి చివర ఒంటిగది ఇంట్లో ఒక కూలి కుటుంబం ఉంది. వాళ్ళింట్లోనూ నిరుడు దూరిందట.

"మరి ఇల్లు వదిలారా?" అన్నాను.

"వదిలి ఎక్కడికి పోతాం బాబూ? మూడు రాత్రులు అరుగు మీద పడుకున్నాం. పసుపునీళ్ళు చల్లుకుని లోపలికొచ్చేశాం," అంది ముసలమ్మ.

"ఆర్నెల్లుండాలంటారు గదా?"

"ఉండాలనే అన్నారు. అద్దె ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు."