డబ్బా ఎవరు ఊపినా

అరకు కొండల్లో సంతకు ఊరు మారుతుంది గాని మనుషులు పెద్దగా మారరు. ఒకరోజు డుంబ్రిగుడలో ఎండుచేపలు అమ్మిన మనిషి మరోరోజు హుకుంపేటలో, ఇంకోరోజు ముంచింగిపుట్టులో అదే గోనెపట్టా పరుచుకుని కనిపిస్తాడు. గాజులవాళ్ళు, కుండలవాళ్ళు, పాత బట్టలవాళ్ళు వారమంతా ఇలా తిరుగుతూనే ఉంటారు. వాళ్ళ జీపుల వెనకే గుండాట మనిషి కూడా తిరుగుతాడు.

నేను వెళ్ళింది అతన్ని చూడటానికి. వెంట తీసుకెళ్ళింది గోవాలో ఒక కేసినో పోకర్ గదిలో ముక్కలు పంచే కుర్రాడిని. అతనిది అరకు దగ్గరి ఊరే. హోటల్ పని కోసం గోవా వెళ్ళి, జీతం బాగుందని డీలర్ శిక్షణలో చేరాడు. సెలవు మీద వచ్చాడు. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఇప్పటికీ హోటల్లో పని అనే చెబుతున్నాడు. అందుకే అతని పేరూ, ఆ సంత జరిగే ఊరి పేరూ రాయడం లేదు.

జనవరి నెల. కాఫీ పళ్ళ కోత చివరికొచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం. సంతలోకి అడుగు పెట్టగానే పసుపు, రాజ్‌మా, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు. కొండదొర, కోటియ, గదబ ఆడవాళ్ళు తట్టలు దించి కూర్చున్నారు. బేరాలు సగం తెలుగులో, సగం ఆదివాసీ ఒరియాలో. తూకం మాత్రం అంతా షావుకారు చేతిలో. అడ్వాన్సు ఇచ్చేదీ అతనే, కాటా పట్టేదీ అతనే, ధర చెప్పేదీ అతనే. ఆ ఒక్క చేతికి పోటీగా ఇంకో కాటా పెట్టాలనే 1956లో గిరిజన సహకార సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ డిపోలు ఈ కొండల్లో ఇప్పుడూ ఉన్నాయి, షావుకార్లూ ఉన్నారు.

సంత వెనక వాలులో కోడిపందెం. దాని గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మేం దాన్ని దాటేసి చింతచెట్టు కిందికి వెళ్ళాం.

అక్కడే గుండాట. రెక్సిన్ గుడ్డ మీద ఆరు గళ్ళు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు, జెండా, కిరీటం. గుడ్డ వెనక నలభై ఏళ్ళు దాటిన మనిషి, అతని ముందు మూతలేని రేకు డబ్బా, అందులో అవే బొమ్మలున్న మూడు పాచికలు. నచ్చిన బొమ్మ మీద డబ్బు పెట్టాలి. డబ్బా ఊపి బోర్లిస్తాడు. ఎత్తేసరికి మన బొమ్మ ఒక పాచిక మీద పడితే పెట్టినంత, రెండిటి మీద పడితే రెండింతలు, మూడిటి మీదా పడితే మూడింతలు పైన ఇస్తాడు. పడకపోతే మన డబ్బు అతనిది. ఒడిశా, బెంగాల్ జాతరల్లో దీన్నే జండీ ముండా అంటారు, అక్కడ ఆరు పాచికలు వాడటం మామూలు. నేపాల్లో లంగూర్ బుర్జా. ఇంగ్లీషు ఓడల్లో నావికులు జెండా బదులు లంగరు పెట్టి, మిగతా ఇవే బొమ్మలతో ఆడేవాళ్ళు. సముద్రం నుంచి కొండ ఎక్కిందో, కొండ నుంచి సముద్రానికి దిగిందో తేల్చడం నా పని కాదు.

కుర్రాడు బొమ్మల వంక చూడలేదు. ఆ మనిషి చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి, "పొద్దున్నుంచీ ఈయనొక్కడే ఊపుతున్నాడు సార్. మా దగ్గరైతే ఈపాటికి ఎన్నిసార్లు లేపేసేవాళ్ళో" అన్నాడు.

వాళ్ళ గదిలో ఏ డీలరూ ఒక బల్ల దగ్గర అరగంట మించి కూర్చోడు. ఎవరు ఎప్పుడు ఏ బల్లకో షిఫ్టు మొదట్లోనే ఫ్లోర్ సూపర్‌వైజర్ పట్టీ వేస్తాడు. సమయం కాగానే వెనకనుంచి వచ్చిన డీలర్ భుజం తడతాడు. నడుస్తున్న ఆట ముగించి, కూర్చున్నవాడు రెండు అరచేతులూ బల్ల మీద తిప్పి, వేళ్ళు విడదీసి పైన ఉన్న కెమెరాకు చూపించి లేస్తాడు. చేతిలో చిప్పు ఏదీ దాచుకోలేదని రుజువు అది. సంతలో మాట్లాడుతూ మాట్లాడుతూనే అతను ఆ చేతుల విదిలింపు చేసి చూపించాడు. ఇంట్లో అన్నం తిని లేచేటప్పుడు కూడా అలవాటుగా వచ్చేస్తుందట, వాళ్ళమ్మ ఏమిట్రా అది అని అడిగిందట.

అక్కడినుంచి పక్క బల్లకు, ఆ తర్వాత దాని పక్కదానికి. అలా కొన్ని బల్లలు తిరిగాక కాసేపు విశ్రాంతి. ఎందుకిలా తిప్పుతారని అడిగితే మొదట అలసట గురించి చెప్పాడు. గంటకు పాతిక, ముప్పై ఆటలు పంచాలి. ప్రతి ఆటలో ఎవరెంత పెట్టారో లెక్క కట్టాలి, గెలిచిన చెయ్యి ఏదో తప్పు లేకుండా చదవాలి. అరగంట దాటితే కళ్ళు ముక్కల మీద నిలవవు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఒకే డీలర్, ఒకే ఆటగాడు గంటల తరబడి ఎదురెదురుగా కూర్చుంటే స్నేహం పుడుతుంది, స్నేహం లోంచి సైగ పుడుతుంది. ఎవరు ఏ బల్లకు ఎప్పుడొస్తారో ఆటగాడు ముందే కుదుర్చుకోలేకపోతే సగం మోసం అక్కడే ఆగుతుంది. టిప్పుల సంగతి ఇంకొకటి. పెద్ద పందేల బల్ల దగ్గర టిప్పులు ఎక్కువ. అక్కడ ఒకడే పాతుకుపోతే మిగతావాళ్ళు ఊరుకోరు.

ఓడుతున్న ఆటగాళ్ళకు కూడా డీలర్ మారడం ఇష్టమేనట. "నువ్వు కూర్చున్నప్పట్నుంచీ నాకు ముక్క పడటం లేదు" అని మొహం మీదే అంటారు. కొత్త చెయ్యి రాగానే నిటారుగా కూర్చుని మళ్ళీ చిప్పులు కొంటారు. ఈ చివరి మాట దగ్గర నేను ఆగాను. మోసం ఆపడానికి పెట్టిన ఏర్పాటు, ఓడినవాడిని కుర్చీలోంచి లేవనివ్వకుండా కూడా పనికొస్తోందన్నమాట.

ఇంతలో గుడ్డ దగ్గర గొడవ. వరసగా పోగొట్టుకున్న ఒక మనిషి, డబ్బాలో ఏదో కిటుకు ఉంది, ఊపే చెయ్యి మారాలని పట్టుబట్టాడు. నలుగురూ అతనికి వంత పాడారు. గుండాట మనిషికి కోపం వస్తుందనుకున్నాను. అతను నవ్వి డబ్బా అతని చేతికే ఇచ్చేశాడు.

"ఏటి బాబూ, నమ్మకం లేదా? ఇదిగో, నువ్వే ఊపు."

ఆ మనిషి రెండు చేతులా పట్టి, కళ్ళు మూసుకుని ఊపాడు. కళావరు పడింది, గెలిచాడు. జనం ఈల వేశారు. అతని వెనక ఇంకొకడు ఊపాడు, ఆ తర్వాత ఒక కాలేజీ పిల్లాడు. పందేలు ఒక్కసారిగా పెరిగాయి. చీకటి పడబోయే వేళకు డబ్బా ఊపినవాళ్ళంతా ఖాళీ జేబులతో ఉన్నారు. గుండాట మనిషి పక్కన కూర్చున్న బామ్మర్ది నోట్లు సర్దుతున్నాడు. డబ్బు ముట్టుకునేది బామ్మర్దే, డబ్బా ముట్టుకునేది బావే. ఆ ఏర్పాటును మా కుర్రాడు మెచ్చుకున్నాడు.

తిరుగు జీపు కోసం ఎదురుచూస్తూ లెక్క వేశాం. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. అందులో 125 సార్లు మన బొమ్మ రాదు. 75 సార్లు ఒకసారి, 15 సార్లు రెండుసార్లు, ఒక్కసారి మూడూ వస్తాయి. రూపాయి చొప్పున 216 సార్లు కాస్తే పోయేది 125, వచ్చేది 75, 30, 3 కలిపి 108. గుడ్డ వెనక మిగిలేది 17 రూపాయలు, అంటే వందకు ఎనిమిది రూపాయలకు కాస్త తక్కువ. డబ్బా దేవుడు ఊపినా అంతే. అందుకే అతనికి చెయ్యి మారితే భయం లేదు.

పోకర్ సంగతి వేరు అన్నాడు కుర్రాడు, కాస్త రోషంగానే. అక్కడ ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడతారు. కేసినో ప్రతి ఆట మొత్తం లోంచి కొంత వాటా తీసుకుంటుంది తప్ప ఎవరు గెలిస్తే దానికేం? డీలర్ కేసినో మనిషే అయినా, పంచే వంతుకు గుర్తుగా ఉండే గుండ్రటి బిళ్ళ ప్రతి ఆటకూ ఒక కుర్చీ జరుగుతుంది, ముందుగా పందెం కట్టే భారం అందరి మీదా వంతులవారీగా పడుతుంది. మన ఇళ్ళల్లో రమ్మీకి పంచే వంతు తిరిగినట్టే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యం ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలని అందుకు కారణం చెప్పింది. గుండాటకు అలాంటి వకాల్తా ఏ కోర్టూ పుచ్చుకోదు. 1974 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం అది జూదమే. గోవాలోని కేసినోల్లోకి 2020 నుంచి గోవా వాసులకు ప్రవేశం లేదని కుర్రాడే చెప్పాడు. సొంత జనాన్ని దూరంగా ఉంచే ఆ తెలివి నాకు నచ్చింది. దానికి అతనేమీ అనలేదు.

జీపులో చోటు దొరికింది. ముందు సీట్లో గుండాట మనిషే ఉన్నాడు, ఒళ్ళో చుట్టిన రెక్సిన్ గుడ్డతో. ఉండబట్టలేక మా లెక్క చెప్పాను, 216కి 17 అని. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"పదిహేడు కాదు బాబూ. బామ్మర్దికి సగం, జీపుకి మూడొందలు. మీ లెక్కలో అవి ఎయ్యలేదు."