‘అమ్మకం’ అనే కాలమ్ లేని రిపోర్టు

భీమవరం దగ్గర్లోని ఆ రొయ్యల మేత ఫ్యాక్టరీకి వెళ్లింది మేత ఎలా తయారవుతుందో చూద్దామని కాదు. పై అంతస్తులో అకౌంట్స్ వాళ్లకీ కంప్యూటర్ల వాళ్లకీ మధ్య రిపోర్టు కాలమ్‌ల పేర్ల మీద కుదిరిన ఒక రాజీ గురించి విని వెళ్లాను. కంపెనీ లెక్కలన్నీ శాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. బిల్లులు, డీలర్ల బాకీలు, డిపోల్లో సరుకు అన్నీ అందులోకి వెళ్తాయి. వెళ్లినవాటిని మనిషికి అర్థమయ్యేలా బయటికి తీయడం దగ్గరే చిక్కంతా.

అకౌంట్స్ చూసే మేడమ్ తన దగ్గరున్న పాత ఎక్సెల్ షీటొకటి తెరిచారు. పై వరసలో కున్నర్, వెర్క్స్, నెట్వర్, ఎఫ్‌కేడాట్. “కొత్తలో ఇవన్నీ పురుగుమందుల పేర్లలా కనబడేవండీ” అన్నారు. 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు మొదలుపెట్టిన సంస్థ శాప్. కస్టమర్ నంబరుకు జర్మన్‌లో ఉన్న పొడుగాటి మాటని కత్తిరించి ఐదక్షరాల కున్నర్ చేశారు. మిగతావీ దాదాపు అలాంటివే. అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసినవాళ్లకి ఇవి కంఠతా వచ్చు. బాకీల వసూలుకి కైకలూరు తిరిగే సేల్స్ ఆఫీసరుకి ఎందుకు రావాలి?

అసలు పేర్లే మార్చేయొచ్చు కదా అంటే కుదరదు. శాప్ ప్రోగ్రాములన్నీ ఆ పేర్లనే పిలుస్తాయి. అందుకని పట్టికల్ని ముట్టుకోకుండా వాటిమీద ‘వ్యూ’ అనే పొర వేసి, కొత్త పేర్లు అందులో పెడతారు. రిపోర్టు చూసేవాళ్లకి ఆ పొర మాత్రమే తెరుస్తారు. పాత పేరు పక్కన కొత్త పేరు రాయడమే కాబట్టి, ఒక పూటలో అయిపోవాల్సిన పని.

కంప్యూటర్ సెక్షన్ కుర్రాడు మొదట అలాగే అనుకున్నాడట. ప్రతి కాలమ్‌కీ శాప్ తనలోనే పొట్టి పేరు, పొడుగు పేరు పలు భాషల్లో దాచుకుంటుంది. ఇంగ్లీషువి తీసి అతికించేశాడు. డీలరు వివరాలు, ఆర్డరు, బిల్లు ఒకే వ్యూలో కలిపేసరికి ‘క్రియేటెడ్ ఆన్’ అని మూడు కాలమ్‌లు వరసగా నిలబడ్డాయి. వెర్క్స్ కాస్తా ‘ప్లాంట్’ అయింది. “కైకలూరులో మనకి ప్లాంటెక్కడిది బాబూ?” అని సేల్స్ మేనేజరు గారు అడిగారట. అక్కడున్నది డిపో. ఫ్యాక్టరీకీ డిపోకీ శాప్‌లో కాలమ్ ఒక్కటే, తేడా కోడ్‌లోనే. చివరికి ‘సరుకు కదిలిన చోటు’ అని పెట్టుకున్నారు. నాకైతే అంతగా నచ్చలేదు గానీ వాళ్లకి పని జరిగిపోతోంది.

అసలు రగడ బాకీల దగ్గర వచ్చింది. శాప్ ఖాతా పట్టికలో మొత్తాలకి ప్లస్సూ మైనస్సూ ఉండవు. పక్కన ఇంకో కాలమ్‌లో ఒక్క అక్షరం ఉంటుంది: డెబిట్ అయితే ఎస్, క్రెడిట్ అయితే హెచ్. అవీ జర్మన్ మాటల మొదటి అక్షరాలే. ఆ కాలమ్‌కి అర్థం తెలియని ఒకాయన దాన్ని తీసేసి, మిగతాది కూడేశాడు. ఐదు లక్షల సరుకు తీసుకుని ఐదు లక్షలూ కట్టేసిన డీలరు పది లక్షల బాకీదారుగా తేలాడు. ఆ కాగితం పట్టుకుని వసూలుకి వెళ్లిన ఆఫీసరుకి ఏ మర్యాద జరిగిందో మేడమ్ నవ్వుతూ చెప్పారు గానీ, ఇక్కడ రాయను.

ఇప్పుడు వ్యూలో ఆ అక్షరం లేదు. ‘డీలరు పద్దులో ఖర్చు’, ‘డీలరు పద్దులో జమ’, ‘రావలసిన నికరం’ అని మూడు కాలమ్‌లున్నాయి. రెండోదానికి ‘డీలరు కట్టినది’ అని పేరు పెడదామని కుర్రాడు పట్టుబట్టాడట. మేడమ్ ఒప్పుకోలేదు. డిస్కౌంటు కింద ఇచ్చే క్రెడిట్ నోటు కూడా జమలోకే వస్తుంది, అది డీలరు కట్టిన డబ్బు కాదు. ఈ ఒక్క అభ్యంతరం చాలు, పేర్లు పెట్టే పనిని కంప్యూటర్ల గదికి వదిలేయకూడదని నాకనిపించడానికి.

తేదీలూ అంతే. ఆర్డరు మార్చి 29న వస్తుంది, లారీ 31న కదులుతుంది, బిల్లు ఏప్రిల్ 1న పడుతుంది. సేల్స్ వాళ్ల మార్చి అమ్మకానికీ అకౌంట్స్ వాళ్ల మార్చి అమ్మకానికీ ఏటా పొంతన కుదరకపోవడానికి కారణం ఇదేనని, పేర్ల కోసం కూర్చున్నాకే బయటపడింది. అప్పట్నుంచి ‘అమ్మకం’ అని ఒంటరిగా ఏ కాలమ్‌కీ పేరు లేదు. ‘ఆర్డరు తేదీ’, ‘లారీ కదిలిన తేదీ’, ‘బిల్లు తేదీ’. ‘బిల్లయిన బస్తాలు’, ‘బిల్లయిన టన్నులు’. పాతికకేజీల బస్తాల్లో మాట్లాడే డీలరుకీ టన్నుల్లో మాట్లాడే మేనేజరుకీ చెరొకటి.

ఈ పేర్ల జాబితాని మొదట అందరికీ మెయిల్ చేశారట. ఎవరూ తెరవలేదు. ఇప్పుడు రిపోర్టులు చూసే పవర్ బీఐలోనే ప్రతి కాలమ్‌కీ రెండు వాక్యాల వివరణ జోడించారు. పేరు మీద మౌస్ పెడితే అది కనిపిస్తుంది: ఏం కలిపారు, ఏం కలపలేదు, శాప్‌లో అసలు పేరేమిటి. ఆ అసలు పేరు దాచకపోవడం మంచి పని. రేపు లెక్క తేడా వస్తే కుర్రాడు వెతకాల్సింది దాన్నే.

డీలరు కోడ్ గురించి మాత్రం గొణుగుడు తగ్గలేదు. శాప్ దాన్ని పదక్షరాలుగా, ముందు సున్నాలతో దాస్తుంది. ఎక్సెల్‌లో పడగానే సున్నాలు ఎగిరిపోతాయి, రెండు షీట్లు కలవవు. పేరెంత బాగున్నా ఆ బాధకి అది మందు కాదు.

నేను బయల్దేరేవేళకి సేల్స్ మేనేజరు గారు కుర్రాడి కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయనకి ‘పట్టుబడి తేదీ’ అని ఇంకో కాలమ్ కావాలి. చెరువులో రొయ్యలు పట్టాకే రైతు చేతికి డబ్బొస్తుంది, ఆ తర్వాతే డీలరు కడతాడు. ఆ తేదీ లేకుండా వసూలు రిపోర్టు దేనికని ఆయన వాదన. “పేరు ఇప్పుడే పెట్టేస్తానండీ, కానీ ఆ తేదీ శాప్‌లో ఎక్కడా లేదు” అన్నాడు కుర్రాడు. “మా ఆఫీసర్ల నోటు పుస్తకాల్లో ఉంది కదా.” “మరైతే వాటిని ఎవరు ఎక్కిస్తారండీ?” ఆయన మేడమ్ వైపు చూశారు. మేడమ్ కంప్యూటర్ వైపు తిరిగిపోయారు.