దొరకియు నెక్కని యుపాంగము

గృహకృత్యముల నడుమ కంప్యూటరును ముట్టవలసిన యవసరము ఇప్పుడు మనలో ననేకులకు గలుగుచున్నది. అట్టి సోదరీమణులకు, మాకెదురైన యొక చిక్కును, అది విడిన తెఱగును దెలుపుట యుపయోగకరమని తలంచి యిది వ్రాయుచున్నాము. యంత్రశాస్త్రము మేము చదివినవారము కాము. మా తండ్రిగారియొద్ద ఆంధ్ర మహాభారతమును, అమరమును చదివితిమి. ఇచ్చట నక్కఱకు వచ్చినదియు నా చదువే.

మా యత్తగారు గోదావరి లంకలలో నొక గ్రామమున బుట్టినవారు. తలుపుదగ్గఱ పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు తమ తల్లిగారి నోట విని వ్రాసికొన్న మూడు నోటుపుస్తకములు వారియొద్ద గలవు. 1986వ సంవత్సరపు వరదలో నవి తడిసి, పుటలు వంకరలు పోయి, సిరా చెదరినది. చెదరినచోట నేయక్షరముండెనో చెప్పగలవారు వా రొక్కరే. వారికా, చూపు నానాటికి తగ్గుచున్నది. అందువలన మా యాడుబిడ్డ కుమారుడు, కాకినాడలో నింజనీరింగు చదువుచున్నవాడు, పైథాన్ భాషలో నొక చిన్న పనిముట్టు చేసి యిచ్చెను. ఎడమప్రక్క పుటయొక్క ఛాయాచిత్రము వంకర తీరి పెద్దదిగా గనబడును. కుడిప్రక్క మేము టైపు చేయుదుము. వాని యంత్రమున జక్కగా నడచిన యా పనిముట్టు, రాజమహేంద్రవరములోని మా లినక్సు యంత్రమున దెరయే తెఱవక, నాలుగు పంక్తుల యాంగ్ల సందేశము చూపి యాగిపోయెను.

మరల స్థాపించినచో బాగుపడవచ్చునని యా సందేశమే చెప్పుచుండెను. పిల్లవాడు ఫోనులో జెప్పగా రెండుసార్లు తీసివేసి స్థాపించుట యైనది. ఫలము సున్న. ఏ రోగమునకైనను ముందు లంఖణము చేయుమను వైద్యునివలె నున్నది యీ సలహా.

పద్యమున కన్వయము చెప్పునపు డొక్క యవ్యయమునైనను విడువరాదని మా తండ్రిగారు శాసించెడివారు. ఆ రీతినే సందేశమును మాటమాటగా జదివితిమి. ఎక్స్‌సీబీ యను ప్లగిన్ ఫలానా చోట దొరకినప్పటికిని ఎక్కింపబడలేదని యందున్నది. దొరకలేదనుట వేఱు, దొరకియు నెక్కలేదనుట వేఱు. మొదటిదైనచో దెచ్చి పెట్టవలెను. రెండవదానికి మరల దెచ్చిపెట్టుటవలన బ్రయోజన మేమి?

ఇచ్చట గొంత వివరింపవలసియున్నది. పైథాన్ భాషను నెదర్లాండ్సు దేశస్థుడగు గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించెను. దానితో జేసిన పనిముట్లకు గిటికీలను, మీటలను జిత్రించి యిచ్చు సాధనములలో నొకటి క్యూటీ. ఇది నార్వేలో బుట్టి 1995లో వెలువడెను. విండోసు, మాక్, లినక్సు యంత్రములలో దెరపై జిత్రించు పద్ధతి యొక్కొక్కచో నొక్కొక్క తీరు. కావున 2012లో వచ్చిన యైదవ కూర్పునుండి యా పనిని వేఱు వేఱు ఉపాంగములకు అప్పగించిరి. ప్లగిన్ అనగా నట్టి యుపాంగమే. మిక్సీ యొకటియే, పచ్చడికి, పిండికి జార్లు వేఱుగదా! అయితే పొరుగింటివారి జారు చూచుటకు మనదానివలెనే యుండినను మన మిక్సీపై గూర్చుండదు.

మాకు జరిగినదియు నదియే. సందేశములోని "ఫలానా చోటు" సీవీ2 అను సంచిలో నుండెను. అది పుటల వంకర తీర్చుటకై పిల్లవాడు చేర్చిన ఓపెన్‌సీవీకి సంబంధించినది. లినక్సునకై పిప్ ద్వారా వచ్చు ఓపెన్‌సీవీ తన క్యూటీని తానే తెచ్చుకొనును. మేల్కొనగానే ఉపాంగములు తన సంచిలో నున్నవని చాటును. పైక్యూటీ యామాట నమ్మి యచ్చటికి బోవును, కూర్పులు పొసగవు. విండోసునకు వచ్చు ఓపెన్‌సీవీలో నీ క్యూటీ లేదు. పిల్లవాని యంత్రము విండోసు గనుక వానికి జిక్కు రాలేదు.

ఓపెన్‌సీవీ-పైథాన్ అనుదానిని తీసివేసి, ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ అనుదానిని స్థాపించితిమి. ఇది చిత్రముల పని యంతయు జేయును, కిటికీల జోలికి బోదు. రెండును ఒకే సంచిని వాడుకొనును గనుక మొదటిదానిని ముందుగా దీసివేయుట ముఖ్యము. తెర తెఱచుకొనెను.

సంచి సరియైనదే యయ్యు నెక్కనిచో, ఆ యుపాంగమునకు గావలసిన మఱియొకటి లోపించియుండును. 2023లో వచ్చిన 6.5 కూర్పునుండి లిబ్‌ఎక్స్‌సీబీ-కర్సర్0 అనునది తప్పనిసరి. ఏది లోపించెనో తెలియకున్న, క్యూటీ డీబగ్ ప్లగిన్స్ అను మాటలను నడుమ క్రిందిగీతలతో గలిపి, దానికి 1 విలువ నిచ్చి నడపినచో, వెదకిన చోటులన్నియు, గారణమును యంత్రమే చెప్పును. ఆ జాబితా పొడవునకు భయపడకుడు, తుదినుండి చదువుడు.

తెర తెఱచినను తెలుగక్షరము పడలేదు. అదియు నుపాంగదోషమే. పైక్యూటీతో ఐబస్ యను లేఖనపద్ధతికి గావలసిన యుపాంగము వచ్చును, మా యంత్రమున నున్న ఎఫ్‌సీఐటిఎక్స్‌నకు రాదు. ఐబస్‌నకు మాఱితిమి.

ఇప్పటికి మొదటి పుస్తకము ముగిసి, రెండవదానిలో 18 పుటలైనవి. మధ్యాహ్నము భోజనములైన పిదప, వెలుతురు బాగుగా నున్న రెండు గంటలే వారు చూడగలరు. నిన్న నొక యప్పగింతల పాటలో మూడు పాదములు పూర్తిగా గఱగిపోయియుండగా, వారు కన్నులు మూసికొని రాగముతో నెత్తుకొనిరి. రెండు పాదములు వచ్చినవి. మూడవదానికి జోటు విడిచి యుంచితిమి.