పక్క సీటు జ్ఞానం

మా కంపెనీలో మొత్తం 30 మందిమి. "ఇంత చిన్న కంపెనీకి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ ఏంటయ్యా, డౌటొస్తే పక్క సీటువాణ్ణి అడిగితే పోదూ?" అంటారు మా మేనేజరు గారు. నిజమే, పోతుంది. ఆ పక్క సీటువాడు పేపర్లు పెట్టనంతవరకూ!

పెట్టాక కేటీ అనే తంతు మొదలవుతుంది. మూడేళ్ళ పనిని రెండు వారాల్లో ఒక వర్డ్ డాక్యుమెంట్‌లోకి ఎక్కించాలి. వెళ్ళేవాడి మనసు అప్పటికే కొత్త ఆఫీసులో ఉంటుంది. సర్వర్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు రాసి దణ్ణం పెట్టేస్తాడు. అవి వెతికితే మనకీ దొరుకుతాయి. దొరకనిదల్లా 'ఇలా ఎందుకు చేశారు' అన్నదే. మా బిల్లింగ్ జాబ్ రోజూ రాత్రి 40 నిమిషాలు ఊరికే ఆగి, తర్వాత నడుస్తుంది. ఎందుకో రాసినవాడికే తెలుసు. తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఏఐని అడిగినా కోడ్‌లో ఉన్నదే చెబుతుంది గానీ, ఎక్కడా రాయని కారణం దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

జెరాక్స్ కాపియర్లు బాగుచేసేవాళ్ళ మీద జూలియన్ ఓర్ 1996లో ఒక పుస్తకం రాశాడు. మాన్యువల్‌లో లేని రిపేర్లు వాళ్ళు ఒకరికొకరు కబుర్లలో చెప్పుకుని నేర్చుకునేవారట. కాబట్టి కబుర్లు దండగ కాదు. కానీ చిన్న కంపెనీలో ఆ కథ తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు.

ఆ ఒక్కడి బతుకు చూడండి. మా డేటాబేస్ మిత్రుడు, చెల్లెలి పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకి విడిదింటి మేడ మీద లాప్‌టాప్ ముందు కూచున్నాడు. తర్వాత "నువ్వు లేకపోతే కష్టం" అని మెచ్చుకున్నారు. వేరే టీంకి మారతానన్నప్పుడు కూడా అదే మాట చెప్పి ఆపేశారు!

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్లేం కొనక్కర్లేదు. మైకేల్ నైగార్డ్ 2011లో ఒక తేలిక పద్ధతి చెప్పాడు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా అప్పటి పరిస్థితేంటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏమవుతుంది అని ఒకటి రెండు పేజీలు రాసి కోడ్ పక్కనే పెట్టడం. అదీ ఆ రోజే, నోటీస్ పీరియడ్‌లో కాదు. కాకపోతే ఆ టైముని ఎస్టిమేట్‌లో కలపాలి. లేకపోతే ఎవరూ రాయరు.

తెలిసింది దాచుకుంటేనే ఉద్యోగం పదిలం అనుకునేవాళ్ళున్నారు. ఉద్యోగం సంగతేమో గానీ, రాసిపెడితే ముందు మన సెలవు మనకి దక్కుతుంది. ఏమంటారు?